గుమ్మం వైపు కాళ్లు

ప్లానులో బొమ్మ లేనివాడికి ఇల్లు లేదు. ఈ మాట కంకుంగన్ వాడలో ప్రతి గోడ మీదా నేనే రాయించాను. మళ్లీ అవకాశం వచ్చినా అదే రాయిస్తాను.

ఎందుకో చెప్తాను. మడుగు ఒడ్డున ఉన్న మా ఇళ్లు కూల్చి, ఆ స్థలం ఒక కంపెనీకి అప్పజెప్పాలని మునిసిపల్ ఆఫీసు ఎప్పుడో తీర్మానించుకుంది. మేము రోడ్డెక్కాం, ఆఫీసు మెట్ల మీద అన్నం వండుకుని తిన్నాం. చివరికి విసుగెత్తి, సరే, ఊళ్లోనే నాలుగంతస్తుల భవనం కట్టిస్తాం, ఎవరెవరు ఉంటారో ప్లాను మీరే గీసుకు రండి అన్నారు. మేం గీయలేమనుకున్నారు. వాళ్ల లెక్కలో ఇల్లంటే తలుపు మీద ఎర్రరంగుతో కొట్టిన మనుషుల అంకె. ఆ అంకెలోకి రాని మనిషి, అంటే గోడవార పడుకునే మేనల్లుడు, వంటగదిలో అద్దెకున్న బాలింత, వీళ్లంతా కూల్చిన రోజున గాలికి పోతారు. అందుకే ఇప్పుడున్న ఇళ్లకీ ప్లాను గీసి, ప్రతి ఇంటి ప్లానులోనూ ప్రతి మనిషికీ ఒక బొమ్మ పెట్టాలన్నాం. ఎవరు ఎక్కడ పడుకుంటారో, ఎటు తిరిగి పడుకుంటారో, ఉన్నది ఉన్నట్టు.

ప్లాను గీసింది రోసెండా. పగలు ఒక ఆర్కిటెక్టు దగ్గర కంప్యూటర్లో గీతలు గీస్తుంది, సెలవు రోజు మాకు గీస్తుంది. ఆ ఆఫీసుల్లో మనుషుల బొమ్మలు ముందే గీసి పెట్టుకుంటారు. కావలసిన చోట దించేయడమే. వాళ్లు వాటిని బ్లాకులంటారు. మొదటిసారి ఆమె తెచ్చిన కాగితం మీద కోటు వేసుకున్న ఆరడుగుల తెల్లోడు ఒకడు, కుక్కను తాడుతో పట్టుకున్న దొరసాని ఒకతె ఉన్నారు.

"ఈ కుక్కావిడ ఎవరింట్లో ఉంటుందే?" అని అడిగాను.

"మీ ఇంట్లోనే ఆతె చారింగ్. మీ ఆయన్ని అడుగు, చెప్తాడు" అంది వెనకనుంచి ఎవరో. చారింగ్ నా పేరు. వాడలో నన్ను ఆతె అంటారు, అక్కా అన్నట్టు. వాడంతా నవ్వింది.

నవ్వు సరే, ఆ ఆరడుగులోణ్ని మా ఇంట్లో పడుకోబెడితే కాళ్లు గోడ దాటి పక్కింట్లోకి పోతున్నాయి. ఇలాంటి బొమ్మలు పెట్టి మీ కుటుంబాలు ఈ గదుల్లో పట్టవు, ఊరవతలకి పొండి అని మునిసిపల్ ఇంజనీరు అననే అన్నాడు. అందుకని మా బొమ్మలు మేమే చేసుకున్నాం. బాస్కెట్‌బాల్ కోర్టులో ఒక్కొక్కరం సిమెంటు మీద పడుకుంటే రోసెండా చుట్టూ సుద్దతో గీసింది. తర్వాత నిచ్చెనెక్కి పైనుంచి ఫొటోలు తీసి, వాటిని బట్టి బ్లాకులు చేసింది. బోర్లా పడుకున్న పిల్లలు, పొట్టతో ఉన్న ఆడమనిషి, కర్ర పక్కన పెట్టుకున్న ముసలాయన. అన్నీ మా కొలతలే.

కొందరు పడుకోమన్నా పడుకోలేదు. సుద్దగీతలో పడుకోవడం మా వాడలో తేలిక కాదు. చేపల రేవు దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో యూనియన్ పెట్టిన ఇద్దర్ని హెల్మెట్లు పెట్టుకున్నవాళ్లు మోటార్‌సైకిల్ మీద వచ్చి నడిరోడ్డున కాల్చేశారు. పోలీసులు వచ్చి చేసిన పని ఒక్కటే, శవాల చుట్టూ సుద్దగీత గీయడం. వాన పడేదాకా ఆ గీతలు మా రోడ్డు మీదే ఉన్నాయి. ఆ యూనియన్లో మూడోవాడు తెబాన్. రోసెండా తమ్ముడు. రెండోవాణ్ని చంపిన రోజే మాయమైపోయాడు. సమార్ దీవిలో పిన్ని దగ్గరికి పోయానని ఒక్క కబురు పంపాడు. రోసెండా నమ్మింది. అందరం నమ్మాం.

అట్టమీద అచ్చు వేసిన బొమ్మలు, బంక, ఎవరింటి ప్లాను వాళ్లకి ఇచ్చాం. నానాయ్ పోన్సింగ్ కూడా తీసుకుంది. ఆమె విధవ ముసలమ్మ, వాడకంతా నానాయ్, ముద్దుగా నాయ్, అంటే అమ్మ. ఆ ఇంట్లో ఆమె, కోడలు, ఇద్దరు మనవరాళ్లు. నాలుగు బొమ్మలు అతికించింది. తర్వాత పడుకున్న మగవాడి బొమ్మ ఇంకొకటి తీసుకుని బీరువా వెనక సందులో పెట్టింది. కాళ్లు గుమ్మం వైపు. ఇళ్లన్నిటివీ కట్టగట్టి రోసెండాకి పంపాం. ఆమె ఒక్కొక్కటే చూసి అలాగే కంప్యూటర్లోకి ఎక్కించింది. అంత పనిలో ఎవరిల్లు ఏదో ఎవరు చూస్తారు.

మునిసిపల్ ఆఫీసులో జరిగింది రోసెండా తర్వాత చెప్పింది.

షీట్లన్నీ బల్ల మీద పరిచారట. ఇంజనీరుతోపాటు కంపెనీ తరఫున అరెవాలో అనే ఆయన కూర్చున్నాడు. ఒంటి మీద యూనిఫారం ఉండదు గానీ ఆఫీసంతా కర్నల్ అనే పిలుస్తుంది. గొంతు పెంచడు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు జేబులో వేసుకుని ఒక్కొక్కటే ఒలుచుకుంటూ ఉంటాడు. ఒలిచిన డొప్పలు ప్లాను మీదే పెడుతున్నాడట, ఒక్కో ఇంటి మీద ఒక్కో డొప్ప.

"ఈ బొమ్మలు నువ్వే గీశావా? బావున్నాయి. మావాళ్లు గీసే వాటికి మొహాలే ఉండవు."

"వీటికీ ఉండవు సర్. పైనుంచి చూస్తే తలా భుజాలే కదా."

"మొహం లేకపోయినా మనిషి తెలిసిపోతాడు. ఇదిగో, ఈ పిల్ల గోడని తన్నుతూ పడుకుంది. ఈ ముసలాయన కర్ర దగ్గర పెట్టుకున్నాడు, దొంగల భయమనుకుంటా." ఇంకో కాయ ఒలిచాడు. "ఈ ఇంటి తలుపు మీద నాలుగని ఉంది. నువ్వు ఐదు పెట్టావు."

రోసెండా ఒంగి చూసింది. ఎవరి ఇల్లో అప్పటికింకా పట్టించుకోలేదట.

"కాపీ కొట్టేటప్పుడు ఒక్కోసారి ఒకటి ఎక్కువ పడుతుంది సర్. తీసేస్తాను."

"తీసేద్దువులే, తొందరేముంది." గింజ నోట్లో వేసుకున్నాడు. "నాకొక్కటే అర్థం కాలేదు. ఈ వాడంతా చూశాను. వీడు తప్ప ఒక్కరు కూడా గుమ్మం వైపు కాళ్లు పెట్టి పడుకోలేదు. నేను చిన్నప్పుడు అలా పడుకుంటే మా అమ్మ చీపురు తిరగేసేది. శవాన్ని మోసుకెళ్లేది కాళ్లు ముందు పెట్టే కదా, నువ్వు కూడా పోదామనుకుంటున్నావా అనేది. మీ అమ్మ కొట్టేది కాదూ?"

కొట్టేది. రోసెండాని కాదు, తెబాన్‌ని. తాగి వచ్చిన నాన్న తలుపు తోసిన చప్పుడుకి లేచి పారిపోవడం అలవాటైన పిల్లాడు వాడు. ఎంత కొట్టినా తిరిగేవాడు కాదు. కళ్లు తెరవగానే గుమ్మం కనపడాలమ్మా అనేవాడు. రాత్రి అమ్మ తిప్పి పడుకోబెడితే మళ్లీ తిరిగేవాడు.

అప్పుడు రోసెండాకి ఆ ఇల్లు ఎవరిదో కనిపించింది. పక్కనే నీళ్ల పంపు, వెనక మడుగు. నానాయ్ పోన్సింగ్ ఇల్లు. బీరువా వెనక, సందులో, గుమ్మం వైపు కాళ్లు పెట్టుకుని తమ్ముడు పడుకుని ఉన్నాడు. వాణ్ని అక్కడ గీసింది తన చెయ్యే.

"కాపీలో పొరపాటు పడిందన్నావు" అన్నాడు అరెవాలో. "కాపీ అంటే ఉన్నది ఉన్నట్టు పడాలి కదమ్మా. బొమ్మ దానంతటది తిరగదు. ఎవరో తిప్పి పెట్టాలి." చేతిలో డొప్పని ఆ ఇంటి మీద పెట్టాడు. "గుమ్మం వైపు కాళ్లు పెట్టి పడుకునేవాడు చచ్చినవాడన్నా అవ్వాలి, కాపలా కాసుకునేవాడన్నా అవ్వాలి. పద, ఓసారి చూసొద్దాం. వ్యాను కిందే ఉంది."

రోసెండా బుర్ర ఆడింది. "ఇంట్లో అందరూ ఉండాలి కదా సర్ లెక్కకి. మా సంఘం అధ్యక్షురాలికి చెప్తాను" అంది.

"చెప్పు. ఏం రాస్తున్నావో నాకూ చూపించు."

ఆయన చూస్తుండగానే టైపు చేసింది. ఆయనే చదివి, పంపు అన్నాడు. తర్వాత తన ఫోనులో ఎవరితోనో, "వంతెన దగ్గరే ఉండండి, నేను వస్తున్నాను" అన్నాడు.

ఆ సమయంలో నేను బాస్కెట్‌బాల్ కోర్టులో ఉన్నాను. కొత్త భవనంలో ఒక్కో గది ఎంతుంటుందో జనానికి తెలియాలని ప్లైవుడ్ చెక్కలు నిలబెట్టి అసలు కొలతల్లో ఒక ఇల్లు చూపిస్తున్నాం. వంటగదిలో ఇద్దరు ఆడవాళ్లు తిరిగితే పిరుదులు రాసుకుంటున్నాయని గొడవ జరుగుతోంది. ఫోను చూశాను. "ఆతె చారింగ్, కర్నల్ సర్ నానాయ్ పోన్సింగ్ ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టడానికి వస్తున్నారు. అందర్నీ ఇంట్లోనే ఉండమనండి."

ఒళ్లు మండింది. ఒక్క ఇంటి కోసం కర్నల్ రావడమేంటి? తిడుతూనే పోయాను. నానాయ్ పోన్సింగ్ గుమ్మంలో కూర్చుని తూటికూర తుంచుతోంది. విషయం చెప్పాను. ఆమె చేతిలో కాడ అలాగే ఉండిపోయింది. నావైపు చూడలేదు, వెనక బీరువా వైపు చూసింది.

"చారింగ్, లోపలికొచ్చి తలుపు వెయ్."

బీరువా వెనకనుంచి తెబాన్ వచ్చాడు. గడ్డం పెరిగి, ఎండ తగలక పాలిపోయి, చెక్కలోంచి వచ్చిన పురుగులా ఉన్నాడు. "ఆతె" అన్నాడు.

చెంప పగలగొట్టాలనిపించింది. "సమార్ ఇక్కడుందేంట్రా?"

"నేనే రమ్మన్నాను" అంది ముసలమ్మ. "వీడు తిన్నదానికంటే మా పిల్లి ఎక్కువ తింది."

"బొమ్మ ఎందుకు పెట్టావు నాయ్? ఎవరు పెట్టమన్నారు?"

"నువ్వే. బొమ్మ లేనివాడికి ఇల్లు లేదని నా గోడ మీద రాయించలేదూ? వీడికి మాత్రం ఇల్లొద్దా?"

నా మాటే. ఉన్నది ఉన్నట్టు పెట్టమన్నాం, పెట్టింది. అబద్ధం చెప్పడానికి మునిసిపల్ ఆఫీసు ఉందిగా, మనమెందుకు చెప్పాలి అని మీటింగులో అరిచింది నేనే.

వెనక కిటికీ సందులోంచి చూశాను. పోటు తగ్గి మడుగంతా నల్లటి బురద. అవతల వంతెన మీద ఒక మోటార్‌సైకిల్, దాని మీద ఇద్దరు. తల కాలిపోయే ఎండలో హెల్మెట్లు తీయకుండా కూర్చున్నారు. ఆ రోడ్డున మోటార్‌సైకిల్ చప్పుడు వింటే చాలు, మా పిల్లలు ఆడుతున్నవాళ్లు ఆడుతున్నట్టే గోడకి అంటుకుపోతారు.

"మడుగులోకి దిగిపోతా" అన్నాడు తెబాన్.

"నడుం దాకా బురదరా. వంతెన మీంచి బాతును కొట్టినట్టు కొడతారు."

"ఇక్కడుంటే మీ అందరికీ చుట్టుకుంటుంది ఆతె."

"ఇప్పుడు చుట్టుకోలేదేంటి మరి."

ఉన్నది ఒక్కటే దారి, ముందు సందు. సందులోకి దిగితే వంతెన మీదివాళ్లకి కనపడం. కాకపోతే ఏ బండి వచ్చినా ఆగేది ఆ సందు చివరే. నానాయ్ ఇంటి గోడకి కోర్టుకి తీసుకుపోవలసిన ప్లైవుడ్ చెక్క ఒకటి ఆనించి ఉంది. కొత్త ఇంటి వంటగది గోడ అది. దాన్ని నిలువుగా పట్టుకుంటే మోకాళ్ల కింద దాకా మనిషిని మూసేస్తుంది. తెబాన్‌కి చెప్పుల్లేవు. కాలి మీద మంచుదిమ్మ పడి రెండు వేళ్లు పోయిన ఎడమ పాదం రేవులో అందరికీ తెలుసు. నానాయ్ తన గులాబీరంగు స్లిప్పర్లు విడిచి ఇచ్చింది. మడమలు సగం బయటే ఉన్నాయి.

"నువ్వెళ్లు" అంది వాడితో. "నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటావు నాయ్?"

"ముసల్దాన్ని, నాకు తెలీదా. వెళ్లు."

నేను ముందు, వాడు వెనక. చెక్క మాకు ఎడమ పక్కన. సందు కొసకి చేరేసరికి వ్యాను వచ్చి ఆగింది, సరిగ్గా ఎడమ పక్కనే. తలుపు తెరుచుకుంది. అరెవాలో దిగాడు. ఆయన వెనక రోసెండా మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"ఏంటది?" అని అడిగాడు నన్ను.

"గోడ."

"ఎక్కడికి?"

"కోర్టుకి. మా కొత్త వంటగది. మీరే కదా ప్లానులు గీసుకోమంది."

"ఆగు."

ఆగాను. వెనక తెబాన్ ఊపిరి ఆగిపోవడం నాకు చెక్కలోంచి తెలిసింది. అరెవాలో దగ్గరికొచ్చి వేలి కణుపుతో చెక్కని రెండుసార్లు కొట్టాడు. ఆయన కొట్టిన చోటికి ఇవతల వాడి చెంప ఆనుకుని ఉంది.

"పల్చగా ఉంది" అన్నాడు.

"బీదోళ్ల గోడలు అలానే ఉంటాయి సర్. అవతల ఎవరేమంటున్నా ఇవతలికి వినపడతాయి."

నవ్వాడు. నవ్వుతూ ఇంకో అడుగు వేశాడు, చెక్క చివరికి, వాడు పట్టుకున్న వైపుకి.

అప్పుడు రోసెండా కిందకి చూసిందట. చెక్క కింద నాలుగు పాదాలు. ముందు రెండు నావి. వెనక రెండు గులాబీ స్లిప్పర్లలో, ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు. చిన్నప్పుడు ఒకే చాప మీద ఆ పాదాలు తన మొహం దగ్గరకొచ్చేవి, వాడు తిరిగి పడుకునేవాడు కాబట్టి. ఆమె చేతుల్లో ప్లాను షీట్లు చుట్టగా ఉన్నాయి. చేతులు వదిలేసింది. చుట్ట దొర్లుకుంటూ మురుగ్గుంటలో పడింది.

"ఏంటమ్మా ఇది" అన్నాడు అరెవాలో వెనక్కి తిరిగి. మొదటిసారి ఆ గొంతులో చిరాకు వినిపించింది. "తియ్యి" అన్నాడు డ్రైవరుతో.

డ్రైవరు ఒంగాడు. అది మేం అనుకోనిది. మురుగ్గుంట చెక్క పక్కనే ఉంది. ఒంగినవాడి మొహం సరిగ్గా మా మోకాళ్ల ఎత్తులో ఉంది. గులాబీ స్లిప్పర్లు, పైన బొచ్చు కాళ్లు. చూశాడు. చూడలేదని నేను అనుకోలేను, ఎందుకంటే చుట్టని అందుకున్న చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత లేచి, తడి ప్యాంటుకి తుడుచుకుని, చుట్టని రోసెండాకి ఇచ్చాడు.

"బరువుగా ఉంది సర్, పోవచ్చా" అన్నాను.

అరెవాలో చెయ్యి ఊపాడు. నడిచాం. పరిగెత్తాలని ప్రతి నరమూ లాగుతోంది. గోడ మోసేవాళ్లు పరిగెత్తరు. కోర్టులో ఆడవాళ్లు మమ్మల్ని చూశారు, వాణ్ని చూశారు, ఒక్కరూ నోరు తెరవలేదు. వంటగది గొడవ ఇంకా గట్టిగా మొదలుపెట్టారు. అక్కడినుంచి వాణ్ని ఎవరు తీసుకెళ్లారో, ఎటు తీసుకెళ్లారో నేను రాయను.

నానాయ్ ఇంట్లో సంగతి రోసెండా చూసింది. వాళ్లు వెళ్లేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. బీరువాని పక్కకి జరిపేసింది ముసలమ్మ. ఆ సందులో చాప. చాప మీద చనిపోయిన మొగుడు ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా, గుండీలన్నీ పెట్టి. కింద ప్యాంటు, మడత చెదరకుండా. ప్యాంటు కాళ్లు గుమ్మం వైపు. తల ఉండాల్సిన చోట ఆయన ఫొటో, పక్కన కొవ్వొత్తి. ఆమె దగ్గర కూర్చుని జపమాల తిప్పుతోంది.

"నలుగురని ఉంది నానాయ్" అన్నాడు అరెవాలో.

"నలుగురమే. కోడలు పనికి పోయింది, పిల్లలు బడికి పోయారు. నేను కనపడుతున్నాగా."

"ఐదో బొమ్మ?"

"మా ఆయన."

"ఆయన పోయి చాలా కాలమైందని మా దగ్గర రాసుంది."

"పోతే? ఇంట్లోంచి పోయాడా? ఇంట్లో ఉన్నవాళ్లందర్నీ పెట్టమన్నారు, పెట్టాను. చచ్చినోణ్ని కాళ్లు గుమ్మం వైపు పెట్టకపోతే ఎటు పెడతారు బాబూ? మీ ఊళ్లో గోడకి నిలబెడతారా?"

గుమ్మంలో నిలబడ్డ డ్రైవరు శిలువ గుర్తు వేసుకుని వెనక్కి జరిగాడు. అరెవాలో జరగలేదు. లోపలికొచ్చి బీరువా వెనక చూశాడు, కిటికీలోంచి మడుగు చూశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, చొక్కా పక్కకి జరిపి, అరచెయ్యి చాప మీద పెట్టాడు. అలాగే ఉంచాడు.

"వెచ్చగా ఉంది."



"మధ్యాహ్నం ఆయన పక్కనే నడుం వాలుస్తా" అంది నానాయ్ పోన్సింగ్, జపమాల ఆపకుండా. "ఇంకేమన్నా అడుగుతావా? అడగడానికి నీకు లేని సిగ్గు చెప్పడానికి నాకెందుకు."

ఆయన లేచాడు. మోకాళ్లు దులుపుకున్నాడు. జేబులోంచి వేరుశనక్కాయ తీసి, ఏమనుకున్నాడో మళ్లీ జేబులో వేసుకున్నాడు. గుమ్మం దాటాక రోసెండాతో అన్నాడు. "చచ్చినవాళ్లకి ఇళ్లు ఇవ్వరమ్మా. ఆ బొమ్మ తీసెయ్. రేపు పొద్దున కొత్త షీటు నా బల్ల మీద ఉండాలి. ప్రతి ఇల్లూ మళ్లీ నేనే లెక్కపెడతాను."

సాయంత్రం మా సంఘం రేకుల షెడ్డులో రోసెండా కంప్యూటరు ముందు కూర్చుంది. అంతకు కాస్త ముందు నేను చిల్లరకొట్టు దగ్గర ఆ డ్రైవర్ని చూశాను. వ్యాను లేదు, ఒక్కడే వచ్చాడు. సిగరెట్టు కొనుక్కున్నాడు. నా పాదాల వైపు చూశాడు, తర్వాత నా మొహం వైపు. "మీ వంటగది గోడ నిలబడిందా ఆతె?" అని అడిగాడు. నిలబడింది అన్నాను. తలాడించి వెళ్లిపోయాడు. వాడు మా మనిషో, వాళ్ల మనిషో, రేటు కోసం చూస్తున్నాడో నాకు అర్థం కాలేదు. రోసెండాకి ఈ సంగతి చెప్పలేదు.

తెర మీద నానాయ్ ఇల్లు. ఐదో బొమ్మ మీద గుర్తు పెట్టింది. చెరిపే మీట మీద వేలు పెట్టి ఆగిపోయింది.

"తీసెయ్" అన్నాను.

"చచ్చాడని నోటితో అనేసింది ఆతె."

"వాళ్లాయన్ని అంది."

"బొమ్మ మా తమ్ముడిది కదా. అక్కడ పడుకున్నది వాడే కదా. ఇప్పుడు నేనే చెరిపేస్తే..." వాడి దగ్గర్నుంచి ఇంకా కబురు రాలేదు. వస్తుందన్న వేళ దాటిపోయింది.

నేనే ఒంగి ఆ మీట నొక్కాను. బీరువా వెనక సందు ఖాళీ అయింది. అంత చిన్న సందు అంత ఖాళీగా ఉంటుందని నేను అనుకోలేదు.

ఆమె ఏడవలేదు. కొత్త భవనం షీటు తెరిచింది. గదుల్లో ఎక్కడి మనుషులు అక్కడ ఉన్నారు, ఇళ్ల ప్లానుల్లో ఎంతమందో అంతమందే. మూడో అంతస్తు మెట్ల దగ్గరికి వెళ్లింది. మెట్ల మీదా వరండాల్లోనూ కొందర్ని ఊరికే పెడతారు, దారి ఎంత వెడల్పో చూసేవాడికి తెలియడానికి. వాళ్లకి ఇంటి నంబరు ఉండదు. ఆ మగవాడి బ్లాకు తెచ్చి మెట్ల మలుపులో దించింది. దించాక చూస్తే పడుకునే ఉన్నాడు, వీధి తలుపు వైపు కాళ్లు పెట్టుకుని.

"అలా వద్దు" అన్నాను. "నిలబెట్టు."

నిలబడ్డ మనిషి బొమ్మ తీసుకుంది. రైలింగు పక్కన, కిందకి దిగే దారికి ఎదురుగా పెట్టింది. కళ్లెత్తితే గుమ్మం కనపడే చోటు.

"మెట్ల మీదివాళ్లని కూడా లెక్కపెడతాడా ఆతె?"

"వాళ్లని ఎవరూ లెక్కపెట్టరు" అన్నాను. ఆ కర్నల్ పెడతాడో పెట్టడో నాకేం తెలుసు.

బయట వంతెన మీద మోటార్‌సైకిల్ స్టార్టయింది. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నదది. రోసెండా మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. ఇద్దరం గుమ్మం వైపు తిరిగి, అది రేవు వైపు పోతుందో ఇటు వస్తుందో వింటూ కూర్చున్నాం.